మేము చూచిన చిత్రములు: ఆమెను అడిగిన వారెవరు?

చలనచిత్రమును చూచిన పిమ్మట మగవారు ఒక్కమాటతో తేల్చివేయుదురు. బాగున్నదందురు, లేదా బాగులేదందురు. మన మట్లు కాదు. అందలి కోడలి చీర మొదలుకొని అత్తగారి గుణము వరకు నాలుగు దినములు చెప్పుకొందుము. దీనిని పొద్దుపోని మాట లని నవ్వువారు కలరు గాని మేము ఒప్పుకొనము. పరుల యింటి కథకు తీర్పు చెప్పు నెపమున మన యింటి కథను తూచుకొనుట యది. కావున ఈ మాసమున మా పెద్దపల్లిలో మేము చూచిన కొన్ని చిత్రములను గూర్చి మాకు తోచిన మాటలను మీ యెదుట పెట్టుచున్నాము.

ఇవి నిన్న మొన్న విడుదలైనవి కావు. ఇపుడు చిత్రము చూచుటకు టాకీసునకే పోనక్కరలేదు. కొన్నియేండ్ల వెనుకటి చిత్రమైనను ఇంటిలోని టెలివిజనులో కోరినపుడు దొరకును. రాత్రి భోజనములైన వెనుక, పిల్లల పాఠములు ముగిసిన వెనుక, పొరుగింటి వదినయు ఆమె అత్తమ్మయు మా యింటికి వత్తురు. మా వారు బడి పుస్తకములు దిద్దుకొనుచు ఒక కన్ను ఇటు వేయుదురు. మా సభ యింతియే.

మొదట ఒక సంతోషము చెప్పవలెను. తెలుగు టాకీ 1932లో భక్త ప్రహ్లాదతో మాటలు నేర్చినది. ఆనాటినుండి చాలకాలము మా తెలంగాణపు మాట తెరమీద వినబడుటయే అరుదు. వినబడినను దుష్టుని నోటనో, నవ్వించువాని నోటనో వినబడెడిది. కథానాయకుడు ఆ మాట నాడుట, కథానాయిక ఆ మాటతో ప్రేమించుట, తండ్రి ఆ మాటతో ఏడ్చుట ఇటీవలి కాలపు ముచ్చట. మా వదిన అత్తమ్మకు ఇపుడు చిత్రములోని మాట ఎవరును విప్పిచెప్ప నక్కరలేదు. అది చిన్న లాభము కాదు.

అయితే మన మాట తెర కెక్కిన మాత్రమున మన యాడువారి మాటయు ఎక్కినట్లేనా? ఈ ప్రశ్నను చేతబట్టుకొనియే మేము ఈ చిత్రములను చూచితిమి.

మాది బొగ్గు నేల. రామగుండము, గోదావరిఖని మా జిల్లాలోనివే. కావున మొట్టమొదట “దసరా”ను చూచితిమి. 2023 మార్చి 30వ తేదీన విడుదలైన చిత్రమిది. దర్శకుడు శ్రీకాంత్ ఓదెలకు ఇదియే మొదటి చిత్రము. ఆయన యింటిపేరే మా జిల్లాలోని ఓదెల గ్రామమును తలపించును. సింగరేణి గనుల చెంత వీర్లపల్లి యను ఊరు కథాస్థలము. కదలుచున్న బొగ్గుబండి మీది కెగబ్రాకి బొగ్గు దొంగిలించు పిల్లలు, ముఖముల మీద నల్లని పొడి, ఊరి నడుమ మద్యపు దుకాణము, దాని చుట్టును తిరుగు రాజకీయము, ఇవన్నియు కన్నుల కట్టినట్లున్నవి. నాని ధరణిగా నటించినాడు. ఆ నడక, ఆ తూలుట, ఆ బెదురు మాకు నచ్చినవి. కీర్తి సురేశ్ వెన్నెలగా నటించినది. వెన్నెల అంగన్‌వాడీ టీచరు. ఊరి పసిపిల్లలకు పలుకు నేర్పు పిల్ల. నెత్తురు మాత్రము మాకు మితిమించినది. చివరి ఘట్టమున పిల్లలను ఆవలి గదిలోనికి పంపివేసితిమి.

ఇక అసలు సంగతి. ధరణికి చిన్ననాటినుండి వెన్నెల మీద మనసు. ఆమె మనసు అతని స్నేహితుడైన సూరి మీద. స్నేహితుని కొరకు ధరణి తన మాట మింగుకొనును. వెన్నెలకు సూరితో పెండ్లి జరుగును. ఆ రాత్రియే సూరి హతుడగును. వెన్నెలకు వైధవ్యపు తంతు జరుపబోవుచుండగా ధరణి సహింపలేక ఆమె మెడలో తాళి కట్టును. టాకీసులలో ఈ ఘట్టమునకు చప్పట్లు కొట్టియుందురు. మా యింటిలో మాత్రము వదిన అత్తమ్మ కొంగు నోటి కడ్డము పెట్టుకొని యిట్లనెను:

“అయ్యో, పిల్ల కాళ్లకింద భూమి కుంగింది. ఒక్కలన్న ‘బిడ్డా, నీ మనసుల ఏమున్నది’ అని అడిగిండ్రా?”

మా వారు తల యెత్తి, “వాని మనసు మంచిది కదా పెద్దమ్మా. ఆ పాడు తంతునుండి ఆమెను తప్పించినాడు” అనిరి. నిజమే. గాజులు పగులగొట్టు చేతికంటె తాళి కట్టు చేయి దయగలదే. కాని రెండు చేతులును ఆమెను అడుగక యే ఆమె మీద పడినవి. మనసు మంచిదగుట వేరు, అడుగుట వేరు. మంచి మనసు గలవాడును అడుగకున్నచో ఆమెకు మిగులునది మరియొకరి నిర్ణయమే.

వితంతువులకు మరల పెండ్లి కావలెనని మన పెద్దలు పడిన పాట్లు మీకు తెలిసినవే. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహము జరిపించిరి. తెలుగు టాకీయు ఆ ప్రశ్నను తొలినాళ్లలోనే చేపట్టినది. 1939లో కాంచనమాల నటించిన “మళ్ళీ పెళ్ళి”, 1940లో బి.ఎన్. రెడ్డిగారి “సుమంగళి” ఆ విషయమును గూర్చినవే. అంతటి పోరాటము ఆడుదాని మెడలో ఏదో యొక తాళి యుండవలెనని కాదు. ఆమె బ్రతుకు ఆమెకు తిరిగి రావలెనని. పెండ్లి యామె చేతికి మరల వచ్చిన వరముగా నుండవలె గాని తలమీద పడిన తీర్పుగా నుండరాదు.

చట్టమును ఇట్లే తలచినది. 1955 నాటి హిందూ వివాహ చట్టము ప్రకారము బలవంతముచే గాని మోసముచే గాని సమ్మతి పుచ్చుకొన్న వివాహమును న్యాయస్థానము రద్దు చేయవచ్చును. మా బొగ్గు గనుల ముచ్చట యింకను చిత్రము. మా వైపు గనిని బాయి యందురు. స్త్రీలు భూగర్భపు బాయిలో పని చేయరాదని 1952 నాటి గనుల చట్టము నిషేధించెను. 2019లో కేంద్ర ప్రభుత్వము ఆ నిషేధమును సడలించి, పర్యవేక్షణము మొదలగు కొన్ని పనులకు పగటివేళ స్త్రీలను నియమింపవచ్చు ననెను. ఆ నియమములలో ఒకటి: ఆ స్త్రీ వ్రాతమూలకముగా సమ్మతి నీయవలెను. బాయిలో దింపుటకే వ్రాసియిచ్చిన సమ్మతి కావలెనన్నచో, కాపురమున దింపుటకు నోటిమాటయైన అక్కరలేదా?

దసరాలో మద్యము కొంపలు కూల్చుట చూచినపుడు మాకు మరియొక కథ జ్ఞప్తికి వచ్చినది. అది చిత్రము కాదు, జరిగినది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు తమ వాచకములో సీతమ్మ కథ చదివిరి. తాగుబోతు భర్త చేతిలో ఆమె పడిన పాట్లు తమ పాట్లే యని తెలిసికొని సారా దుకాణము మీదికి పోయిరి. 1992 నాటికి ఆ మంట రాష్ట్రమంతట వ్యాపించినది. 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వము సారాను నిషేధించెను. ఆ స్త్రీలను ఎవరును అడుగలేదు, వారే చెప్పిరి. ఎవరును అడుగని చోట చెప్పుటకు ఎంత ధైర్యము కావలెనో తలచుకొనుడు.

ఓదెల మాట వచ్చినది గనుక ఇంకొకటి. మా జిల్లాలోని ఆ ఊరి పేరుననే “ఓదెల రైల్వే స్టేషన్” (2022) అను చిత్రమును, 2025 ఏప్రిలులో “ఓదెల 2”ను వచ్చినవి. మొదటిదానిలో క్రొత్త పెండ్లికూతుండ్రను చెరచి చంపు దుర్మార్గుని కథ కలదు. రెండవదానిలో వాని ప్రేతము మరల వచ్చును. అందలి విషయమును ఈ పుటలలో విప్పిచెప్పము. ఓదెల యనగా మాకు మల్లన్న గుడి, జాతర, పెద్దపట్నము. ఎందరో ఆడబిడ్డలు కోరికలు కోరి ముడుపులు కట్టు చోటు. అట్టి ఊరిపేరు వినగనే దేశమునకు హత్యలు జ్ఞప్తికి వచ్చుట మాకు కష్టముగా నున్నది. దుష్టునకు శిక్ష పడినది గదా యందురు. పడినది. కాని చచ్చిన పిల్లలు బ్రతికియున్నపుడు ఏమి కోరుకొనిరో చెప్పుటకు చిత్రమునకు తీరిక లేకపోయినది.

ఇచట ఒక భేదము గుర్తింపవలెను. ఆడుదానిని అడుగకపోవుట చూపిన చిత్రములెల్ల చెడ్డవని మా మాట కాదు. 1988లో బి. నర్సింగరావుగారు తీసిన “దాసి”ని చూచినవారికి తెలియును. దొర గడీలో పని చేయు దాసి కథ యది. గర్భము నిలుపుకొనుటయో తీయించుకొనుటయో సైతము ఆమె చేతిలో లేదు. అర్చనగారు ఆ పాత్రకు జాతీయ ఉత్తమ నటి బహుమానము నందిరి. ఆ చిత్రమున ఆమెను ఎవరును అడుగరు; కాని ఆమెను అడుగలేదని చిత్రమునకు తెలియును, చూచు మనకును తెలియును. గుండెలో ముల్లు దిగును. అడుగకపోవుటను పాపముగా చూపు చిత్రము వేరు, పరాక్రమముగా చూపు చిత్రము వేరు.

“బలగము”ను గూర్చి చెప్పుటకు ముందు కొంగు సవరించుకొనవలెను, ఎందుకనగా మా సభలో అందరి కొంగులును తడిసినవి. 2023 మార్చి 3న విడుదలైనది. హాస్యనటుడుగా నుండిన వేణు యెల్దండిగారు తొలిసారి దర్శకులైరి. కొమురయ్య యను ముసలివాడు పోవును. పిండము పెట్టినపుడు పిట్ట ముట్టదు. ఏమి లోపమని ఊరంతయు చెవులు కొరుకుకొనును. లోపము ఇంటిలోనే యున్నది. ఇరువది యేండ్ల క్రిందట విందులో నల్లిబొక్క దగ్గర బావకును బావమరదికిని మాట పెరిగినది. అల్లుడు అలిగి పోయినాడు, కూతురు లక్ష్మికి పుట్టినిల్లు మూతపడినది.

చచ్చినవాని మనసులోని కోరిక తన వారందరు కలసియుండవలెనని. చివర పాటగాండ్రు కొమురయ్య జీవితమును పాడగా అన్నదమ్ములు, అల్లుడు, కూతురు కుమిలి యేడ్తురు. ఆ యేడాది పల్లెపల్లెను తెరలు గట్టి ఊరంతకు ఈ చిత్రమును చూపించిరి. ఏండ్ల తరబడి పలుకని అన్నదమ్ములు చిత్రము చూచి కలిసిరని పత్రికలలో చదివితిమి. ఒక చిత్రమునకు ఇంతకంటె గొప్ప బహుమానమేమి కలదు?

అయినను మా వదిన యొక ప్రశ్న వేసినది. “అలిగింది బావ, పంతం పట్టింది బామ్మర్ది. నడుమ లక్ష్మి ఇరవై ఏండ్లు అవ్వగారింటికి రాలేదు. నీకు పోవాలని ఉన్నదా అని మొగడు అడగలె, రావాలని ఉన్నదా అని అన్న అడగలె. అంత మాటేమున్నది ఆమె చేతుల?” అని. ఈ మాటకు మేము జవాబు చెప్పలేకపోతిమి. ఎందుకనగా ఇట్టి లక్ష్ములు వీథి కొకరు కలరు. మగవారి పంతమునకు సుంకము కట్టునది ఆడుబిడ్డ. రాఖీ పున్నమ నాడు వాకిటిలో నిలిచి దారి చూచునది ఆమె, తండ్రి పోయిన కబురు పరాయివారి నోట వినునది ఆమె. ఉమ్మడి యాస్తిలో కూతురునకును కొడుకుతో సమానముగా హక్కు కలదని 2005లో చట్టమును సవరించిరి. ఆస్తిలో వాటా చట్టము ఈయగలదు. మాటలో వాటా ఇల్లే ఈయవలెను. బలగము లక్ష్మి కన్నీటిని చూపినది గనుక మాకు ప్రియమైనది. ఆ కన్నీరు కార్చకముందే ఆమెను అడుగు చిత్రమును ఎవరైన తీసినచో ఇంకను ప్రియమగును.

అడిగినవాడు ఒకడు కలడు. అతని కథ “మల్లేశం”. 2019 జూనులో వచ్చిన చిత్రమిది. ప్రియదర్శి మల్లేశముగాను, ఝాన్సి తల్లి లక్ష్మిగాను, అనన్య నాగళ్ల భార్యగాను నటించిరి. ఇది కల్పన కాదు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశముగారి జీవితము. చేనేత పట్టుచీరకు ముందుగా ఆసు పోయవలెను. అర్ధచంద్రాకారముగా నిలిపిన మేకుల చుట్టును చేతితో దారమును త్రిప్పవలెను. ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 మారులు ఆడవలెను. నాలుగైదు గంటల పని. దినమునకు రెండు చీరలన్నచో 18,000 మారులు. ఇది యింటి యాడువారి పని. తల్లి భుజము పడిపోవుచుండగా ఆరవ తరగతితో చదువు మానిన యా పిల్లవాడు చూచినాడు. ఊరు నవ్వినది, అప్పులు పెరిగినవి, ఏండ్లు గడచినవి. 1999లో యంత్రము పని చేసినది. దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్ర మనిరి. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది.

చిత్రము కొంత నెమ్మది. మా పెద్దవాడు నడుమ కునికినాడు. కాని మాకు దానిలో దొరికిన మణి యేమనగా, ఆ పని తరతరములుగా ఎందరో కొడుకుల కన్నుల యెదుట జరుగుచునే యున్నది. అమ్మ చేయి ఆడుచుండును, కొడుకు బువ్వ తినుచుండును. “నొప్పిగా నున్నదా అమ్మా” యని అడిగి, ఆ జవాబును మరువక యేండ్లు మోసినవాడు ఈయన. అడుగుట నోటితోనే కాదు, కంటితోను అగునని ఈ చిత్రము చెప్పుచున్నది.

కడపట చూచినది “35, చిన్న కథ కాదు”. 2024 సెప్టెంబరు 6న విడుదలైనది. నంద కిశోర్ ఈమానిగారు దర్శకులు, తల్లి సరస్వతిగా నివేదా థామస్ నటించినది. తిరుపతిలో నొక సామాన్య కుటుంబము. పెద్దకొడుకు అరుణునకు లెక్కలు రావు. సున్నకు విలువ లేదన్నపుడు ఒకటి ప్రక్కన సున్న పెట్టిన పది యెట్లగునని అడుగును. క్రొత్త లెక్కల మాస్టారు వానికి సున్నయనియే పేరు పెట్టును. పదవ తరగతి తప్పిన తల్లి కొడుకు కొరకు తానే మరల లెక్కలు నేర్చుకొనును. 35 అనగా గట్టెక్కుటకు కావలసిన మార్కులు.

మా యింటిలో ఈ చిత్రము పెద్ద చర్చ తెచ్చినది. మా వారికి ఆ మాస్టారి మీద కోపము వచ్చినది. “ప్రశ్న అడిగిన పిల్లవాడే తరగతిలో చదువుచున్నవాడు, మిగిలినవారు వ్రాసికొనుచున్నవారు” అనిరి. మాకు నచ్చినది వేరు. ఆ చిత్రమున తల్లిని చివరకు ఆమె కొడుకు, ఆమె భర్త, ఆ బడి చూడవలసివచ్చినది. వంటింటిలో నున్నామె లెక్క తప్పినామె కాదనియు, ఆమె యెదుట పలక పెట్టినవారు లేకపోయిరనియు తెలిసినది. ఇంటిపట్టున చదువుకొన్న మా వంటివారికి ఆ ముచ్చట తీపి.

ఇదంతయు క్రొత్తగా నేర్చిన నాగరికత యని పెద్దలు అనవచ్చును. కాదు. అశ్వపతి మహారాజు కూతురు సావిత్రిని రథమెక్కించి, నీకు తగిన వరుని నీవే వెదకికొమ్మని పంపెను. తిరిగివచ్చి సత్యవంతుని పేరు చెప్పినపుడు నారదుడంతవాడు వలదన్నను, ఆమె మాటయే నిలిచినది. భారతముననే సభకు రమ్మని కబురు తెచ్చిన ప్రాతికామితో ద్రౌపది యేమనెను? ధర్మజుడు మొదట తన్ను తాను ఓడెనా, నన్ను ఓడెనా యని తెలిసికొని రమ్మనెను. ఓడినవాడు, గెలిచినవాడు, తాతలు, గురువులు అందరు నిండిన సభలో ఆ యొక్క ప్రశ్నకు జవాబు దొరకలేదు. పణముగా పెట్టుటకు ముందు ఆమెను అడిగియుండినచో ఆ సభయే జరుగదు. కురుక్షేత్రము గూడ జరుగకుండెడి దేమో.

మా వీథిలో జరిగినది చెప్పి ముగింతుము. దసరా చూచిన రాత్రి మాతో కూర్చున్నవారిలో డిగ్రీ రెండవ సంవత్సరము చదువు పిల్ల యొకతె కలదు. ఆమెకు సంబంధము కుదురుచున్నది. పిల్లవానికి బాయిలో ఉద్యోగము, ఇల్లు సొంతము, పెద్దలందరికి సమ్మతము. వదిన అత్తమ్మ మాట విని ఆ పిల్ల మెల్లగా, తల్లి వైపు చూడక, “మరి నన్ను అడిగినరా?” అనెను. గదిలో మాట లేదు. తల్లి లేచి పోయెను. మరునాడు ఆ తల్లియే మా గడపలో కూర్చుండి, “అడుగుతె వద్దంటదేమో అని భయమైతున్నది చెల్లె” అనెను.

ఈ భయమే సోదరీమణులారా, మనమందరము దాచుకొన్న భయము. జవాబు మనకు నచ్చదేమో యని అడుగము. కొంద రడుగుదురు గాని, “నీకు ఇష్టమే కదా” యని జవాబు తామే చెప్పి అడుగుదురు. అది అడుగుట కాదు. ఆ తల్లితో మేము ఒక్కమాట చెప్పితిమి: “పిల్ల వద్దన్నచో ఇపుడే తెలియును, అడుగకున్నచో ఇరువది యేండ్లకు తెలియును.” ఆ రాత్రి వారింట తండ్రి పిల్లను పిలిచి అడిగెనట. పిల్ల, డిగ్రీ ముగిసిన వెనుక చెప్పెదననెనట. సంబంధము నిలుచునో పోవునో ఇంకను తేలలేదు. వరుని వారు ఆగుదుమని గాని ఆగమని గాని చెప్పలేదు. కాని ఆ పిల్ల నిన్న మా యింటికి పుస్తకము కొరకు వచ్చినపుడు ఆమె నడక మారియుండెను.

కావున వచ్చు మాసములో మీరే చిత్రము చూచినను, చీరలు నగలు చూచుడు, పాటలు వినుడు, నవ్వుడు, ఏడువుడు. దానితోపాటు ఒక్క ప్రశ్న కూడ పెట్టుకొనుడు: ఇందలి యామెను ఎవరైన అడిగిరా? తరువాత దీపమార్పుటకు ముందు మీ యింటిలోని అత్తమ్మను, కోడలిని, కూతురిని ఏదేని యొక్క సంగతి అడుగుడు. అడిగి, జవాబు వచ్చువరకు మాటాడక ఊరకుండుడు.